వజ్రం తిప్పే మనిషి

జర్మనీ,
ఆదివారం మధ్యాహ్నం.

సుబ్బమ్మక్కకు,

తమ్ముడు పెంచలయ్య దణ్ణం పెట్టి రాస్తున్నాడు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బాగానే అంటే తింటున్నాను, నిద్రపోతున్నాను, మోకాళ్లు మెట్ల దగ్గర మాత్రమే తిడుతున్నాయి. నీ ఒంట్లో ఎలా ఉంది? బావకు షుగర్ తగ్గిందా, లేక పొద్దున మాత్ర వేసుకుని సాయంత్రం మైసూర్‌పాక్ తింటున్నాడా? మీ అబ్బాయి మస్తాను రొయ్యల గుంటలు ఈసారైనా నిలబడ్డాయా? అందరూ కులాసాగా ఉన్నారని ఊరికే అనుకునే మనిషిని కాను, నీకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఫోన్ మానేసి ఉత్తరం ఎందుకంటే, కిందటిసారి నీకు వినబడాలని నేను అరిచిన అరుపులకు పక్క గది చైనా ఆయన భయపడి తలుపు తట్టాడు. నీ చెవులు ఫోనుకు పనికిరాకపోయినా కళ్లు బాగున్నాయి. వారపత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదివే మనిషివి, ఇది చదవలేవా? పైగా ఈసారి చెప్పవలసింది అరిచి చెప్పేది కాదు. “నీ పేరు ముందుగా పడే కాగితం అచ్చయిందా?” అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నావు. దాని సంగతే మొత్తం రాస్తున్నాను.

ముందు ఇక్కడి బతుకు. చలి ఇంకా పోలేదు. ఏప్రిల్ వచ్చినా సూర్యుడు ఆఫీసు మనిషిలాగా ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిపోతాడు. నా గది నాలుగో అంతస్తులో ఉంది, కిటికీలోంచి ఒక నది కనిపిస్తుంది. నదే కానీ దానికి వాసన లేదు. మన బోగోలు పక్క ఉప్పుగాలి ముక్కుకు తగిలి ఏడాదైంది. అన్నం వండుకుంటాను, పప్పుచారు కాచుకుంటాను. నువ్వు ఎండుచేపలు దంచి మూడు కవర్లలో చుట్టి ఇచ్చిన నెత్తళ్ల పొడి ఇంకా అడుగున కొంచెం ఉంది. ఆదివారాలు లైబ్రరీకి పోతాను. ఇక్కడ ఎవరూ నన్ను “ఇవన్నీ నీకెందుకయ్యా” అని అడగరు. మన దేశంలో ముప్పై ఏళ్లు అడిగారు. తెలుగులో సైన్సు వ్యాసం రాసి పంపితే, ఒక సంపాదకుడు “మీ భాష మీ హోదాకు మించి ఉంది” అని తిప్పి పంపాడు. ఆయన పత్రిక మూతపడిందని విన్నాను. సంతోషించాను.

ఊళ్లో నేను వజ్రాల వ్యాపారం చేస్తున్నానని అనుకుంటున్నారట. మస్తాను చెప్పాడు. “మామా, ఒక్క చిన్నది తెస్తే చాలు గదా, గుంటలకు గాలి కొట్టే ఏరియేటర్లు కొనుక్కుంటా” అన్నాడు. వాడికి చెప్పు, నా చేతిలో ఉండే వజ్రం కాగితం కంటే పల్చన, చిటికెనవేలి గోరంత కూడా ఉండదు, దాన్ని అమ్మబోతే కంసాలి ఊది పారేస్తాడు.

దాంతో మేం చేసేది ఇదీ. పడవకు కట్టిన తాడు రెండో చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపితే అల నిలువుగా పోతుంది. పక్కలకు ఊపితే అడ్డంగా పోతుంది. కాంతి కూడా అలాగే ఊగుతూ పోతుంది. మామూలు దీపం కాంతిలో అన్ని దిక్కుల ఊపులూ కలిసి ఉంటాయి. మేం ఎలక్ట్రాన్లను మహా వేగంగా ఆ వజ్రం గుండా పంపితే, అవతల పుట్టే కాంతిలో ఎక్కువ భాగం ఒకే దిక్కులో ఊగుతుంది. ఆ కాంతిని పరమాణువు నడిమధ్య ఉండే గింజ మీదికి కొడతాం. గింజలోంచి ముక్కలు ఎటు ఎగురుతాయో లెక్కపెడతాం. కొన్ని గంటలు నిలువు కాంతి, తర్వాత వజ్రాన్ని తిప్పి కొన్ని గంటలు అడ్డం కాంతి. రెండింటికీ ఉన్న తేడాలోనే ఆ గింజ రహస్యం ఉంటుంది. వజ్రాన్ని తిప్పే యంత్రం నేను చేసింది. మన దేశంలో చేశాను, ఓడలో ఇక్కడికి వచ్చింది. రిటైరయ్యాక దాన్ని చూసుకోడానికి వాళ్లు నన్నే పిలిచారు. యంత్రం ముందు వలస వచ్చింది, దాని వెనక నేను.

ఈ పని ఒక దేశం వల్ల కాదు. పది పన్నెండు దేశాల వాళ్లం ఉన్నాం. ఇక్కడొక ఆచారం ఉంది. యంత్రం నడిచే రోజుల్లో వంతులవారీగా కాపలా కూర్చోవాలి, ప్రొఫెసరైనా సరే. వంతు కూర్చున్న ప్రతివాడి పేరూ వ్యాసం మీద పడుతుంది. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని చూడరు. ఇంటిపేర్లను ఇంగ్లీషు అక్షరాల వరసలో పెడతారు, అంతే. ఈ గుంపులో మన ఇంటిపేరు ఆవుల కంటే ముందొచ్చే పేరు ఎవరికీ లేదు. కాబట్టి లోకమంతా ఆ వ్యాసాన్ని “ఆవుల, తదితరులు” అనే పిలుస్తుంది. మన దేశంలో నేను పనిచేసిన వ్యాసాల్లో నా పేరు చివర కృతజ్ఞతల్లో, కరెంటు బోర్డు వాళ్ల పక్కన ఉండేది. ఇది నా మొదటి వ్యాసం. అరవై ఏడో ఏట. ఇక ఇంకోటి ఉండదు.

ఇప్పుడు సుధాకరం దగ్గరికి వస్తాను. గారు పెట్టకుండా రాయడం ఇదే మొదలు, అలవాటు చేసుకుంటున్నాను. నువ్వు ఎరిగిన మనిషే. మా ల్యాబుకు పెద్ద. తోటపల్లి గూడూరు పక్క మాగాణి ఉన్న ఇల్లు. నా రిటైర్మెంటు సభలో మాట్లాడింది ఆయనే. నువ్వు కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నావు. “పెంచలయ్య వలలల్లిన వంశంలో పుట్టినాడు, అందుకే తీగలు అంత చక్కగా అల్లుతాడు” అన్నాడు ఆయన. సభంతా నవ్వి చప్పట్లు కొట్టింది. నువ్వూ కొట్టావు. తప్పు నీది కాదక్కా, నువ్వది పొగడ్త అనుకున్నావు. ఆ యంత్రానికి లెక్కలు కట్టింది నా తల. ఆయన నా చేతులకు దండ వేసి తలను ఇంటికి పంపించేశాడు. ఆ రోజు నీకు చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను.

ఆ సుధాకరం ఇక్కడి గుంపులో మన దేశం తరఫున పెద్ద. వచ్చినప్పుడు రెండు వంతులు కూర్చుంటాడు, కూర్చుని నిద్రపోతాడు. ఈ వ్యాసంలో లెక్కల భాగం ఆయన బృందానిది. మా అందరి సమావేశం కిందటి నెల ఇక్కడ జరిగింది. ఫలితం చెప్పడానికి ఆయన వచ్చాడు. ఉపన్యాసానికి ముందు రోజు సాయంత్రం నా గది తలుపు తట్టాడు.

“ఏం పెంచలయ్యా, ఎట్టుండావు? చిక్కిపోయినావే!”

“రండి సార్. ఎప్పుడు దిగినారు?”

“పొద్దున. అన్నం ఏమన్నా ఉండాదా? ఈళ్ల రొట్టె కొరికితే పన్ను కదిలిందబ్బా. సూట్‌కేసు కంటే గట్టిగా ఉండాది.”

“పప్పుచారు ఉండాది. నెత్తళ్ల పొడి ఉండాది.”

“మీ అక్క చేసిందా? తే, తే! గమ్మున తే.”

చేయి కడుక్కుని కూర్చుని తిన్నాడు. ఎంత ఆకలి మీద ఉన్నాడో కానీ గిన్నె అడుగు గీకాడు. నెత్తళ్ల పొడి మూడు సార్లు వేసుకున్నాడు. నీ చేతివంటను ఆయన పొగిడిన మాటలు రాయను, నాకు ఇష్టం లేదు. తిన్నాక లాప్‌టాప్ తెరిచి మరునాడు సభకు చూపించబోయే గీత చూపించాడు.

అక్కా, ఆ గీత తలకిందులుగా ఉంది.

ఎలా తెలిసిందంటే, కిందటి వేసవిలో మరమ్మతు కోసం వజ్రం బిగింపు ఊడదీశాను. మళ్లీ బిగించేటప్పుడు పక్కన కొత్తగా వేసిన నీళ్ల గొట్టం అడ్డొచ్చింది. బిగింపును పావు తిప్పు తిప్పి పెట్టవలసి వచ్చింది. దాంతో కంప్యూటర్ నిలువు అని చూపించేది అసలుకు అడ్డం అయింది, అడ్డం నిలువు అయింది. ప్రోగ్రామ్ మార్చేదాకా ఎవరి లెక్కల్లో వాళ్లు సరిచేసుకోండని ఆ వేసవిలోనే ఒక సోమవారం వీడియో సమావేశంలో చెప్పాను. సుధాకరం ఆ రోజు తెర మీద ఉన్నాడు. నేను మాట్లాడుతుంటే పక్కవాడితో ఏదో చెబుతూ టీ తాగుతున్నాడు. నేను మాట్లాడేటప్పుడు టీ తాగడం ఆయనకు ఆనాటి అలవాటు. ఈ గీతకు కావలసిన కొలతలన్నీ వేసవి తర్వాతవే. చుక్కలన్నీ ముచ్చటగా వరసలో ఉన్నాయి. లెక్క ఎక్కడా తప్పలేదు. కాకపోతే కిందికి దిగవలసిన గీత పైకి ఎక్కుతోంది.

వెంటనే చెప్పలేదు. ఒక అవకాశం ఇచ్చాను.

“సార్, ఏది నిలువో ఏది అడ్డమో సరిచూసినారా?”

ఆయన నా వైపు చూసి నవ్వాడు. “అది నీ పని గదబ్బా. నువ్వు వజ్రం తిప్పే మనిషివి. లెక్కేసేది మేం. తిప్పేవాడు తిప్పాల, లెక్కేసేవాడు లెక్కెయ్యాల. అయినా నీకేం, పనంతా మాది, పేరేమో నీది ముందొస్తా ఉండాది! మీ నాయన ఏం ఆస్తి ఇచ్చినాడో కానీ, ఇంటిపేరు మటుకు బ్రహ్మాండమైంది ఇచ్చినాడు.”

నేను మజ్జిగ పోశాను. తాగి వెళ్లిపోయాడు.

నువ్వు ఇప్పుడు నన్ను తిడుతుంటావు. “ఒరే, చెప్పేస్తే పోయేది గదరా” అంటావు. చెప్పలేదు. పదిమంది ముందు ఎవరో ఒక తెల్లవాడు లేచి ఆయన గీతను తిరగేస్తాడని, ఆ ముఖం చూడాలని అనిపించింది. నాకు అందులో సిగ్గేమీ లేదు.

మరునాడు వెనక వరసలో కూర్చున్నాను. సుధాకరం శాలువా భుజాన వేసుకుని మాట్లాడాడు. గీత తెర మీదికి వచ్చింది. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు లేస్తారు అని చూస్తున్నాను. లేచారు. సిద్ధాంతాలు కట్టే ఇంగ్లీషాయన ఒకడు లేచి, ఇన్నాళ్లూ అందరూ గీత కిందికి పోతుందనుకున్నామే, ఇది పైకి పోతోందంటే గింజ గురించి మనకు తెలిసిందంతా మళ్లీ ఆలోచించాలి అన్నాడు. కళ్లు మెరిసిపోతున్నాయి ఆయనకు. తప్పేమో అని ఒక్కరికీ తోచలేదు. కొత్తదని మురిసిపోయారు. విడిగా లెక్కవేసి సరిచూడవలసిన ఇటలీ బృందం, నిలువు అడ్డాల పట్టిక మళ్లీ తయారుచేయడం ఎందుకని సుధాకరం దగ్గరే తీసుకుందట. ఇంక రెండు లెక్కలూ కలవకేం చేస్తాయి? చప్పట్లు. చాలా సేపు చప్పట్లు. పేరున్న పత్రికకు పంపుదామన్నారు. అభ్యంతరాలుంటే సమావేశం ముగిసేలోపు చెప్పండన్నారు.

తర్వాత తెర మీద వ్యాసం మొదటి పేజీ వేశారు. పైన మొదటి పేరు నాది.

అప్పుడు తెలిసింది నేను ఏం చేసుకున్నానో. ఈ రోజు కాకపోతే ఇంకో అయిదేళ్లకు ఇంకో దేశంలో ఎవరో కొలుస్తారు, గీత కిందికే పోతుంది. “ఆవుల, తదితరులు తప్పు కొలిచారు” అని రాస్తారు. పుస్తకాల్లో ఉంటుంది. సుధాకరం పేరు ఎక్కడో చివర, “తదితరులు” అనే మాట చాటున హాయిగా ఉంటుంది. తప్పు ఆయనది, బోర్డు నాది. ఆయన గుంతలో పడతాడని నోరు మూసుకుంటే, ఆ గుంత నా ఇంటి ముందే ఉంది.

సమావేశం ముగియడానికి ఇంకా రెండు రోజులు ఉన్నాయి. ఆయనను కాపాడకుండా నన్ను నేను కాపాడుకునే దారి ఉందా అని వెతికాను. నా పేరు తీసేయమని అడగవచ్చు, ఇక్కడ ఆ హక్కు ఉంది. కానీ జీవితంలో ఒక్కసారి వచ్చిన పేరు. పైగా యంత్రం నాది, ఊగిన కాంతి నిజం, లెక్కించిన ముక్కలు నిజం. వాటిని తప్పుడు గీతకు వదిలేసి నేను పక్కకు జరగడమా?

ఆఖరి రోజు లేచి నిలబడ్డాను. సుధాకరం నన్ను చూసి, నేను నోరు తెరవకముందే ఇంగ్లీషులో సభకు పరిచయం చేశాడు. “వీరు పెంచలయ్య. తిప్పే యంత్రం వీరిదే. నా దగ్గరే తయారైన మనిషి.” అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా నిలబడి, నిలువూ అడ్డమూ తారుమారయ్యాయి అని చెప్పాను. వేసవిలో బిగింపు పావు తిప్పు తిరిగింది, ఈ గీతలో ఆ సవరణ లేదు. నమ్మకపోతే యంత్రాన్ని సరిచూసుకోడానికి బొగ్గు ముక్క మీద తీసిన కొలతలు ఇదే పట్టికతో చూడండి, బొగ్గు ఎటు పోతుందో ఇక్కడ అందరికీ తెలుసు.

మా గుంపు నాయకురాలు హెల్గా అని ఒకామె ఉంది, తక్కువ మాటల మనిషి. కాఫీ తాగి వచ్చేలోపు తన కంప్యూటర్లో చూసింది. బొగ్గు తలకిందులుగా వచ్చింది. అంటే పట్టికే తలకిందులు.

సుధాకరం ఏం చేశాడో ఊహించు. మైకు తీసుకుని, బిగింపు తిప్పిన మనిషి ఆ సంగతి మాకు చెప్పకపోతే లెక్కలు వేసేవాళ్లం ఏం చేయగలం అన్నాడు. చూశావా? తప్పు నా చేతుల్లోకి నెట్టేశాడు.

హెల్గా మాట్లాడింది. “ఆయన చెప్పారు. నేను విన్నాను, నా లెక్క ఆ రోజే మార్చుకున్నాను. మీరు కూడా ఆ సమావేశంలో ఉన్నారు, ప్రొఫెసర్. అందరూ మార్చుకున్నారనుకుని అడగకపోవడం నా పొరపాటు.” అంతే అని కూర్చుంది.

ముప్పై ఏళ్లు నేను ఎదురుచూసిన ముఖం అదే అక్కా. చూశాను. అనుకున్నంత బాగా లేదు. ముసలాయన ముఖం, అంతే. శాలువా ఒక పక్కకు జారిపోయింది.

ఇంకోటి చెబుతాను. నాకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు. గీత సరిచేశాక అందరూ ఇన్నాళ్లూ అనుకున్నట్టే కిందికి పోయింది. కొత్తేమీ లేదు. ఇంగ్లీషాయన ముఖం, పెళ్లిలో కరెంటు పోయినట్టు అయింది. పేరున్న పత్రిక మాట ఎవరూ ఎత్తలేదు, ఏదో చిన్నదానికి పంపుదామన్నారు. భోజనాల దగ్గర నా బల్ల మీద రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నిజం చెప్పినవాడి పక్కన ఏ దేశంలోనైనా కుర్చీలు ఖాళీగానే ఉంటాయి కాబోలు. మన దేశానికి మాత్రమే ఆ జబ్బు ఉందని ఇన్నాళ్లూ తిట్టాను. ఆ తిట్టులో సగం వెనక్కి తీసుకుంటున్నాను, సగమే.

సుధాకరం వెళ్లే రోజు ట్రామ్ స్టాపు దగ్గర కలిశాడు. నేను తప్పుకుని పోదామనుకున్నాను. పిలిచాడు.

“పెంచలయ్యా, ఆ పొద్దు నీ గదిలో గీత చూపించినప్పుడే తెలుసు గదా నీకు?”

“తెలుసు సార్.”

“మజ్జిగ కూడా పోసినావు.”

“పోసినా.”

“అంత కక్ష పెట్టుకోని అన్నం ఎట్టా పెట్టినావయ్యా?”

“ఆకలి అంటిరి గదా.”

ఆయన చలికి ముక్కు తుడుచుకున్నాడు. ట్రామ్ వచ్చింది. సూట్‌కేసు బరువుగా ఉంటే నేనే ఎత్తి లోపల పెట్టాను. ఎందుకు పెట్టానో నన్ను అడగొద్దు. చేతులకు అలవాటు.

నెత్తళ్ల పొడి అయిపోవచ్చింది, ఎవరైనా ఇటు వస్తుంటే మళ్లీ పంపు. ఈసారి నాలుగు కవర్లలో చుట్టు, కిందటిసారి నా చొక్కాలన్నీ వాసన పట్టాయి. మస్తానుకు చెప్పు, గుంటల నీళ్లు పొలాల కాలవలోకి వదలొద్దని. వాడు వినడు, అయినా చెప్పు. బావను మైసూర్‌పాక్ డబ్బా దాకా పోనివ్వకు. మన పెద్దవాళ్లలో మిగిలింది మీ ఇద్దరే, కాబట్టి దీవెన కూడా మీ దగ్గరే అడగాలి. పొద్దున దీపం పెట్టేటప్పుడు నా పేరు కూడా ఒకసారి తలుచుకో. నా గురించి బెంగపడవద్దు, నేను బాగానే ఉన్నాను.

వ్యాసం నిన్న పంపించారు. ఆఖరి ప్రతి నాకూ వచ్చింది. మొదటి పేరు నాది. నేను మెల్లగా, ఒక్కొక్క పేరే చదువుకుంటూ కిందికి పోయాను, ఆయన పేరు నా కింద ఎంత దూరంలో ఉందో చూద్దామని. లేదక్కా. తన పేరు తీసేయమని ఊరికి పోగానే రాశాడట. ఆ రెండు పేర్లూ ఒకే కాగితం మీద, నాది పైనా ఆయనది కిందా ఉండగా చూడాలని ముప్పై ఏళ్లు బతికాను. అది కూడా ఇవ్వకుండా పోయాడు.

నీ తమ్ముడు,
ఆవుల పెంచలయ్య